బోగీలో ఫోన్, అడవిలో ఫోన్: గొడవ ఎక్కడ మొదలవుతోంది?

క్లుప్తంగా: బహిరంగ ప్రదేశాల్లో సెల్‌ఫోన్ తెచ్చే ఇబ్బంది చప్పుడు ఒక్కటే కాదు. పక్కవాళ్లు లేచి వెళ్లిపోలేని చోట ఆ చప్పుడు వినక తప్పకపోవడం అసలు ఇబ్బంది. అడవికి వెళ్లేసరికి దీనికి ఫొటో, లొకేషన్, రికార్డు చేసిన పిట్ట కూత అనే మరో మూడు చిక్కులు తోడవుతాయి. అదే ఫోన్ ఆపదలో ప్రాణం కాపాడే సాధనం కూడా. అందుకే ఫోన్ మొత్తాన్ని ఒకే వస్తువుగా చూసి పెట్టే నిబంధనలు సరిగా నిలబడటం లేదు.

రాత్రి పదిన్నర దాటింది. కింది బెర్తులో ఒకరు స్పీకర్ ఆన్ చేసి వీడియో కాల్ మాట్లాడుతుంటారు. పై బెర్తులో ఉన్నవాళ్లకు నిద్ర పట్టదు, దిగి ఎక్కడికీ పోలేరు. ఇంకోచోట సఫారీ జీపు ముందు పులి కనబడుతుంది. జీపులోంచి చేతులన్నీ బయటికి చాచుకుని ఉంటాయి, ప్రతి చేతిలోనూ ఒక ఫోన్. చూడటానికి ఈ రెండూ వేర్వేరు సంగతులు. కానీ రెండు చోట్లా ఫోన్ వాడేవాళ్లకు కలిగే సౌకర్యానికి మూల్యం చెల్లిస్తున్నది మరొకరు. బోగీలో తోటి ప్రయాణికులు, అడవిలో జంతువులు.

2025 నవంబర్ 17న సుప్రీంకోర్టు ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ పులుల అభయారణ్యం కేసులో తీర్పు ఇచ్చింది. అక్రమ నిర్మాణాలు, చెట్ల నరికివేత మీద నడిచిన కేసు అది. అయితే సామాన్య పర్యాటకుడికి నేరుగా తగిలే ఆదేశం కూడా అందులో ఉంది: పులుల ఆవాసాల కోర్ ప్రాంతంలోని టూరిజం జోన్లలో మొబైల్ ఫోన్ వాడనివ్వకూడదు. ఆ తర్వాత చాలామందికి వచ్చిన సందేహం ఒకటే. ఫొటో తీసుకుంటే పులికి ఏమవుతుంది? దీనికి జవాబు అడవిలో కంటే ముందు రైల్లో, బస్సులో వెతకడం తేలిక.

సగం మాటలు ఎందుకు చెవిలో గుచ్చుకుంటాయి

ఎదురుగా కూర్చున్న ఇద్దరు గట్టిగా కబుర్లు చెప్పుకుంటుంటే ఎక్కువమంది పట్టించుకోరు. ఒక్కరే ఫోన్లో అంతే గొంతుతో మాట్లాడితే చిరాకు పడతారు. ఇది ఫోన్ల మీద ఉన్న అయిష్టం అనుకోవడానికి లేదు. బ్రిటన్‌లోని యార్క్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ మాంక్ బృందం 2004లో ప్రచురించిన ప్రయోగంలో నటుల చేత బస్ స్టేషన్‌లో, రైలు బోగీల్లో ఒకే సంభాషణను రెండు రకాలుగా చెప్పించారు: ఎదురెదురుగా ఒకసారి, ఫోన్లో ఒకసారి. గొంతు ఒకే స్థాయిలో ఉన్నప్పుడు కూడా పక్కనున్నవాళ్లు ఫోన్ మాటలే ఎక్కువ ఇబ్బంది పెట్టాయని చెప్పారు.

కారణం ఏమిటన్నది 2010లో కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకురాలు లారెన్ ఎంబర్సన్ బృందం చేసిన ప్రయోగాల్లో తేలింది. ఏకాగ్రత అవసరమైన చిన్న చిన్న పనులు చేస్తున్నవాళ్లకు ఒకవైపు మాటలు మాత్రమే వినిపించినప్పుడు తప్పులు పెరిగాయి. రెండువైపుల మాటలూ వినిపించినప్పుడు అంత తేడా రాలేదు. ఆ సగం మాటల్లో అర్థం తెలియకుండా, గొంతు మాత్రమే వినబడేలా మార్చి వినిపిస్తే తప్పులు మళ్లీ తగ్గిపోయాయి. అంటే కష్టం చప్పుడులో కాదు, అర్థంలో ఉంది. "ఆఁ... అవునా... మరి వాళ్లేమన్నారు?" అని వినగానే అవతలివాళ్లు ఏమన్నారో మనసు ఊహించడం మొదలుపెడుతుంది. వద్దనుకున్నా ఆగదు. చదువుతున్న పేజీ చేతిలోనే ఉంటుంది, ఆలోచన మాత్రం ఎవరో తెలియని వాళ్ల పెళ్లి సంబంధం దగ్గరికి పోతుంది.

ఫోన్లో గొంతు ఎందుకు పెరుగుతుందో కూడా చూడాలి. పాత ల్యాండ్‌లైన్ రిసీవర్‌లో మాట్లాడేవాళ్ల గొంతు కొంత వాళ్ల చెవికే తిరిగి వినిపించేది, కాబట్టి ఎంత గట్టిగా మాట్లాడుతున్నారో తెలిసేది. సెల్‌ఫోన్లలో ఈ ఏర్పాటు చాలా తక్కువ. పైగా చుట్టూ చప్పుడు ఉంటే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఫ్రెంచ్ వైద్యుడు ఎతియెన్ లోంబార్డ్ వందేళ్ల కిందటే గమనించిన సంగతి ఇది. రైలు చప్పుడు, సిగ్నల్ వచ్చిపోవడం, అవతలి నుంచి "వినబడట్లేదు" అన్న మాట. ఈ మూడూ కలిస్తే అరవకుండా మాట్లాడేవాళ్లు అరుదు. ఫోన్లో గట్టిగా మాట్లాడేవాళ్లందరినీ మర్యాద తెలియనివాళ్ల కింద కట్టేయడం సరికాదు. చాలామందికి తమ గొంతు ఎంత పెరిగిందో నిజంగానే తెలియదు.

రీల్స్ సంగతి వేరు. రైలు చక్రాల చప్పుడు ఒకే తీరుగా సాగుతుంది కాబట్టి చెవి కాసేపటికి దాన్ని వదిలేస్తుంది. పొట్టి వీడియోల్లో అరనిమిషానికొకసారి పాట మారుతుంది, గొంతు మారుతుంది, హఠాత్తుగా నవ్వులు వస్తాయి. మారుతూ ఉండే శబ్దానికి చెవి అలవాటు పడలేదు. గంటసేపు సాగే సినిమా పాటలకన్నా పది నిమిషాల రీల్స్ ఎక్కువ అలసట తెచ్చేది అందుకే.

మన రైళ్లలో ఇది ఎలా పెరిగింది

2016 సెప్టెంబర్‌లో జియో రాకతో డేటా ధర పడిపోయింది. అదే ఏడాది నుంచి ఫోన్లలో ఇయర్‌ఫోన్ గుచ్చే రంధ్రం తీసేయడం మొదలైంది. పెట్టెలో ఉచితంగా వచ్చే ఇయర్‌ఫోన్లు కూడా క్రమంగా మాయమయ్యాయి. వీడియో చూడటం చవకైంది, చెవికి మాత్రమే వినిపించేలా చూడటం మాత్రం విడిగా కొనుక్కోవాల్సిన ఏర్పాటుగా మారింది.

తెలుగు ఇళ్లకు ఇంకో కారణం ఉంది. పిల్లలు అమెరికాలో, భర్త గల్ఫ్‌లో ఉన్న ఇంట్లో ఫోన్ మాట ఒక్కరిది కాదు. మాట్లాడితే ఇంటిల్లిపాదీ మాట్లాడతారు, కాబట్టి స్పీకర్ ఆన్‌లోనే ఉంటుంది. పైగా అక్కడివాళ్లకు తీరిక దొరికే వేళ ఇక్కడ చాలాసార్లు రాత్రవుతుంది. ఇంట్లో అలవాటైన ఆ పద్ధతే బోగీలోకి వస్తుంది. మనవరాలి ముఖం చూడాలనే ఆరాటంలో ఉన్న నాయనమ్మకు పక్క బెర్తువాళ్ల నిద్ర గుర్తు రాకపోవడం అర్థం చేసుకోదగ్గదే. నిద్ర చెడినవాళ్ల ఇబ్బంది కూడా అంతే నిజం.

2022 జనవరి నాటికి రైల్వే బోర్డు రాత్రి 10 తర్వాత గట్టిగా ఫోన్ మాట్లాడటం, ఇయర్‌ఫోన్ లేకుండా పాటలు పెట్టడం ఆపించాలని సిబ్బందికి ఆదేశాలిచ్చింది. ఫిర్యాదుకు 139 నంబర్ ఉంది. రైల్వే చట్టం 1989లోని సెక్షన్ 145 కింద తోటి ప్రయాణికులకు ఇబ్బంది కలిగించడం నేరమే. దాదాపు అదే సమయంలో, 2021 నవంబర్‌లో, కర్ణాటక హైకోర్టు ఆదేశం తర్వాత అక్కడి ఆర్టీసీ తన బస్సుల్లో ఫోన్ స్పీకర్ పెట్టడాన్ని నిషేధించింది. మాట వినని ప్రయాణికుడిని దించేయవచ్చు, టికెట్ డబ్బు తిరిగి ఇవ్వక్కర్లేదు.

రెండు ఆదేశాల మధ్య తేడా గమనించదగ్గది. బస్సులో కండక్టర్ కళ్లముందే ఉంటాడు, ఆయన చేతిలో ఒక అధికారం ఉంది. స్లీపర్ బోగీలో టీటీఈ టికెట్లు చూసి వెళ్లిపోతాడు, తర్వాత రాత్రంతా ఎవరూ ఉండరు. ఇక నిద్ర చెడిన మనిషే లేచి అడగాలి. అడిగితే "మీకొక్కరికేనా ఇబ్బంది?" అనే జవాబు వస్తుందేమోనన్న టెన్షన్. ఒంటరిగా ప్రయాణించే ఆడవాళ్లయితే చాలాసార్లు అడగనే అడగరు. నిబంధన కాగితం మీద అలాగే ఉంటుంది. ఇబ్బంది పడ్డవాళ్లే వెళ్లి తగవు పెట్టుకోవాల్సిన ఏర్పాటు ఉన్నంతకాలం ఏ నిబంధనైనా ఇంతే.

అమెరికాలో ఆమ్‌ట్రాక్ రైళ్లలోని నిశ్శబ్ద బోగీ ఈ చిక్కుకు ఒక విరుగుడు. 2000లో రోజువారీ ప్రయాణికులే అడిగి పెట్టించుకున్నది అది. రైలంతటా మౌనం పాటించమని చెప్పలేదు, ఒక్క బోగీకి గీత గీశారు. ఆ బోగీలోకి ఎక్కడమంటేనే ఒప్పుకున్నట్టు, కాబట్టి పక్కవాళ్లను అడగడం కూడా తగవు కాదు. జపాన్‌లో దారి వేరు. అక్కడ ఫోన్‌ను సైలెంట్‌లో పెట్టడాన్ని 'మర్యాద మోడ్' అనే పేరుతోనే పిలుస్తారు. బోగీలో ఫోన్ మాట్లాడవద్దని ప్రతి ప్రయాణంలో ప్రకటన వినిపిస్తూనే ఉంటుంది. ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు, రైలే అడుగుతుంది.

గుడిలో కుదిరింది ఎలా

మన దగ్గర ఫోన్ నిబంధన గట్టిగా అమలయ్యే చోటు గుడి. తిరుమల శ్రీవారి ఆలయంలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. ముందే కౌంటర్‌లో ఇచ్చి రసీదు తీసుకుంటారు, దర్శనం అయ్యాక తిరిగి తీసుకుంటారు. మద్రాసు హైకోర్టు 2022 డిసెంబర్‌లో తమిళనాడు ఆలయాలన్నింటిలో ఫోన్లు నిషేధించాలని ఆదేశించినప్పుడు కూడా ఫోన్లు దాచే ఏర్పాటు అందులో భాగంగానే వచ్చింది. 2023 జులైలో కేదార్‌నాథ్ ఆలయం లోపల ఫొటోలు, వీడియోలు నిషేధించారు.

భక్తి ఉంది కాబట్టి కుదిరిందనుకుంటే సగమే నిజం. గుడికి గడప ఉంది. ఎక్కడ ఆగాలో స్పష్టంగా తెలుస్తుంది, అక్కడ అడిగే మనిషి ఉంటాడు, ఫోన్ భద్రంగా దొరుకుతుందన్న నమ్మకం ఉంటుంది. ఈ మూడింటిలో ఏది లేకపోయినా జనం ఫోన్ జేబులో దాచుకుని లోపలికి వెళ్లిపోతారు. కోర్టు ఆదేశాన్ని అమలు చేయాల్సిన సఫారీ గేట్లకు నేర్చుకోదగ్గ పాఠం ఇక్కడే ఉంది.

అడవిలో చిక్కు: లెన్స్, లొకేషన్, కూత

జంతువుకు ఫోన్ అంటే ఏమీ తెలియదు. అపకారం చేసేది ఫోన్ వల్ల మారే మనిషి నడత.

మొదటిది లెన్స్. సాధారణ ఫోన్ ప్రధాన కెమెరా విశాలమైన దృశ్యం కోసం తయారైంది. యాభై మీటర్ల దూరంలో ఉన్న పులి అందులో ఓ చిన్న చుక్క. వన్యప్రాణుల ఫొటోగ్రాఫర్ పెద్ద లెన్స్ పెట్టుకుని దూరంగానే ఆగిపోగలడు. ఫోన్ ఉన్నవాడు మాత్రం "ఇంకొంచెం ముందుకు పోనివ్వండి" అని డ్రైవర్‌ను బతిమాలుతాడు. పదిమంది బతిమాలితే, చివర్లో టిప్ వస్తుందంటే, జంతువుకు కనీసం 20 మీటర్ల దూరం ఉండాలన్న నియమం నిలవదు. సెల్ఫీ అయితే మరీ ప్రమాదం: మనిషి జంతువుకు వీపు తిప్పి నిలబడాలి.

2024 డిసెంబర్ 31న మహారాష్ట్రలోని ఉమ్రేడ్-పౌని-కర్హండ్లా అభయారణ్యంలో ఒక ఆడపులిని, దాని ఐదు పిల్లలను సఫారీ వాహనాలు రెండువైపులా చుట్టుముట్టాయి. ఆ వీడియోలు బయటికి వచ్చాక బాంబే హైకోర్టు నాగ్‌పూర్ ధర్మాసనం తనంతట తానే కేసు చేపట్టింది, డ్రైవర్లు, గైడ్ల మీద చర్యలు తీసుకున్నారు. పులి ఎక్కడుందో క్షణాల్లో ఒక జీపు నుంచి మరో జీపుకు చేరవేసేదీ ఫోనే. ఇదివరకు ఒకటి రెండు వాహనాలకు కనబడే పులి ఇప్పుడు ఒక్కసారిగా అందరికీ కనబడుతుంది. పిల్లలతో ఉన్న తల్లికి తప్పుకునే దారి మూసుకుపోతుంది.

రెండోది లొకేషన్. లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫోన్‌తో తీసిన ఫొటోలో ఎక్కడ, ఎప్పుడు తీశారన్న వివరం దాగి ఉంటుంది. వేటగాడికి పనికొచ్చే సమాచారం అది. అంతకన్నా మామూలుగా జరిగేది జనం పోటెత్తడం. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద తెల్లవారుజామున పాలసముద్రంలా పరుచుకునే మేఘాలు సోషల్ మీడియా ద్వారానే ఊరూరా తెలిశాయి. కొద్ది ఏళ్లలోనే అక్కడ వాహనాల బారులు, ప్లాస్టిక్ చెత్త, సూర్యోదయం వేళ స్పీకర్ పాటలు మామూలయ్యాయి. అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రం జాక్సన్ హోల్ ప్రాంతంలో 2018లో ఇలాంటి ఒత్తిడి వచ్చినప్పుడు, ఫొటోకు సరస్సు పేరు కాకుండా ప్రాంతం పేరు మాత్రం పెట్టమని పర్యాటకులను అడిగారు. దీని మీద ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. దారి తెలిసిన కొద్దిమందికే అందాలు దక్కాలా అని. అందుకే లొకేషన్ పూర్తిగా దాచమని కాకుండా, గూళ్లు, గుహలు, నీటి గుంటల వంటి సున్నితమైన చోట్ల దాచమనే మాట ఎక్కువగా వినిపిస్తోంది.

మూడోది చాలామందికి తట్టనిది. పిట్టల కూతలు వినిపించే యాప్‌లు ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నాయి. చెట్టు కింద నిలబడి ఆ కూతను స్పీకర్‌లో పెడితే పిట్ట బయటికి వస్తుంది, చూసినవాళ్లకు సంతోషం. కానీ అది వచ్చింది పలకరించడానికి కాదు, తన చోటులోకి మరో మగపిట్ట చొరబడిందనుకుని తరమడానికి. గూడు కట్టే కాలంలో మళ్లీ మళ్లీ ఇలా చేస్తే గుడ్ల దగ్గర, పిల్లల దగ్గర ఉండాల్సిన సమయమంతా లేని శత్రువు కోసం పోతుంది. అమెరికన్ బర్డింగ్ అసోసియేషన్ నియమావళిలో ఇలాంటి రికార్డింగుల వాడకం మీద పరిమితులు ఉన్నాయి.

నల్లమల వంటి చోట మనుషుల సంగతి కూడా ఉంది. చెంచు గూడెంలో పిల్లలను, స్నానఘట్టాల దగ్గర ఆడవాళ్లను అడగకుండా వీడియో తీయడం దృశ్యం తీయడం కాదు, ఒకరి ఇంట్లోకి తొంగిచూడటం.

అమెరికాలో దాదాపు 3,500 కిలోమీటర్ల అప్పలాచియన్ కాలిబాట మీద ఫోన్ గురించి కొన్నేళ్ల వాదోపవాదాల తర్వాత కుదిరిన పద్ధతి సాదాగా ఉంటుంది: రింగ్ ఆపేయండి, మాట్లాడాలంటే దారికి, తోటివాళ్లకు దూరంగా వెళ్లండి. దారి పొడవునా మూడువైపులా గోడలున్న చెక్క షెడ్లు ఉంటాయి. వాన కురిసే రాత్రి పదిమంది పక్కపక్కనే పడుకునే ఆ షెడ్డుకు, మన స్లీపర్ బోగీకి తేడా లేదు. రెండుచోట్లా లేచి వెళ్లే దారి ఉండదు.

సిగ్నల్ లేనిచోట ఫోన్

నిషేధం అనగానే వచ్చే పెద్ద అభ్యంతరం ఆపద. అది తీసిపారేసేది కాదు. 2023 జులైలో ములుగు జిల్లా ముత్యంధార జలపాతం చూడటానికి వెళ్లిన 80 మంది దాకా పర్యాటకులు వాగు పొంగి అడవిలో చిక్కుకుపోయారు. ఫోన్ ద్వారానే విషయం బయటికి తెలిసింది, జాతీయ విపత్తు దళం రాత్రికి రాత్రి చేరుకుని వాళ్లను బయటికి తెచ్చింది.

అయితే అడవిలో ఫోన్ పనిచేసే తీరు ఊళ్లో లాంటిది కాదు. టవర్ దొరకనప్పుడు ఫోన్ ఎక్కువ శక్తితో వెతుకుతూనే ఉంటుంది, ఛార్జింగ్ గంటల్లో కరిగిపోతుంది. ఏరోప్లేన్ మోడ్‌లో పెడితే ఆ వెతుకులాట ఆగుతుంది. జీపీఎస్ మాత్రం ఉపగ్రహాల సంకేతాలు అందుకోవడమే కాబట్టి పనిచేస్తూనే ఉంటుంది. ముందే దించుకున్న మ్యాప్ ఉంటే దారి తెలుస్తుంది. మన సిమ్ కంపెనీ టవర్ లేకపోయినా మరో కంపెనీ టవర్ అందుతుంటే 112కు కాల్ వెళ్తుంది. మాట నిలవనంత బలహీనమైన సిగ్నల్‌లో కూడా ఎస్సెమ్మెస్ వెళ్లే అవకాశం ఉంటుంది. పగలంతా రీల్స్ తీసి సాయంత్రానికి ఐదు శాతం ఛార్జింగ్‌తో మిగిలిన ఫోన్ మాత్రం ఆపదలో అక్కరకు రాదు.

సాయం కోరడంలోనూ ఒక మర్యాద ఉంది. 2009లో గ్రాండ్ కాన్యన్‌లో నడుస్తున్న ఒక బృందం చేతిలోని అత్యవసర పరికరాన్ని మూడు రోజుల్లో మూడుసార్లు నొక్కింది. అందులో ఒకసారి కారణం, దొరికిన నీళ్లు ఉప్పగా ఉన్నాయని. ప్రతిసారీ హెలికాప్టర్ లేచింది. 2021లో కొలరాడోలోని మౌంట్ ఎల్బర్ట్ మీద దారి తప్పిన మనిషి కథ దీనికి ఎదురుగా ఉంటుంది. వెతికే బృందం పదేపదే ఫోన్ చేస్తే, తెలియని నంబర్ అని ఆయన ఎత్తలేదు. ఊళ్లో స్పామ్ కాల్స్ వల్ల పడిన మంచి అలవాటు కొండ మీద వెతికేవాళ్ల శ్రమను వృథా చేసింది.

విదేశాల్లోని తెలుగువాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. అమెరికాలో ట్రెక్కింగ్‌కు వెళ్లేవాళ్లు సిగ్నల్ లేనిచోట సాయం కోరడానికి వాడే గార్మిన్ ఇన్‌రీచ్ వంటి ఉపగ్రహ పరికరం బ్యాగులో పెట్టుకోవడం బాధ్యతగల పని. అదే బ్యాగుతో సెలవులకు హైదరాబాద్‌లో దిగితే అది నేరం కావచ్చు. భారత్‌లో ఉపగ్రహ ఫోన్లు, ఇలాంటి పరికరాలకు టెలికాం శాఖ అనుమతి తప్పనిసరి. తెలియక తెచ్చిన విదేశీ పర్యాటకులను విమానాశ్రయాల్లో అదుపులోకి తీసుకున్న సందర్భాలు ఉన్నాయి.

గేటు దగ్గర ఏం మారాలి

కార్బెట్ తీర్పు అమలు చివరికి ప్రతి గేటు దగ్గరా తేలాల్సిందే. తెలుగు రాష్ట్రాల్లో అమ్రాబాద్, నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యాలు రెండూ ఒకే నల్లమలలో ఉన్నాయి. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారి ఈ అడవి మధ్యలోంచే పోతుంది, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మన్ననూరు చెక్‌పోస్ట్ దగ్గర వాహనాలు ఆపేస్తారు. సఫారీ జీపు ఎక్కేవాళ్ల ఫోన్ తీసుకోవడం సాధ్యమే, వాళ్లు ఒక గేటు దాటి వెళ్తారు. రోడ్డు పక్కన కారు ఆపి కోతులతో వీడియో తీసుకునే శ్రీశైలం భక్తుడికి మాత్రం ఏ గేటూ లేదు.

సఫారీ వరకు చూస్తే, తిరుమల తరహాలో రసీదు ఇచ్చే కౌంటర్ ఒకటి, ప్రతి జీపులో గైడ్ దగ్గర వైర్‌లెస్ సెట్ ఒకటి ఉంటే ఫోన్ లేకపోవడం వల్ల వచ్చే భయం చాలావరకు తీరుతుంది. కెమెరాను అనుమతించి ఫోన్‌ను ఆపితే మరో ప్రశ్న వస్తుంది. లక్ష రూపాయల లెన్స్ ఉన్నవాళ్లకు జ్ఞాపకం, లేనివాళ్లకు ఉత్త చేతులా? అటవీ శాఖ తరఫున ఫొటోలు తీసి పర్యాటకులకు ఇచ్చే ఏర్పాటు దీనికి ఒక దారి. దాని ఖర్చును టికెట్ ధరలో ఎంత కలుపుతారన్నది ప్రతి అభయారణ్యమూ విడిగా తేల్చుకోవాల్సి ఉంటుంది.